పట్టాల పక్కన ఎం.కామ్. క్లాసు

గంగాలమ్మ కూతురు ఎం.కామ్. వాళ్ళకి పాఠం చెబుతోందన్న సంగతి జాలరిపేటలో తెలియని మనిషి లేడు. తెలియకుండా ఉండే అవకాశం గంగాలమ్మ ఎవరికీ ఇవ్వలేదు మరి. హార్బరులో కానాగంత చేపలు బేరమాడుతూ చెప్పింది, బస్సులో కండక్టరుకి చెప్పింది. ఎం.కామ్. అంటే ఏమిటో తనకే సరిగ్గా తెలియకపోయినా, అడిగినవాళ్ళకి "పెద్ద పెద్ద కంపెనీల లెక్కల సదువమ్మా, దాని మీద ఇంకో సదువు నేదు" అని ఓపిగ్గా వివరించింది. తోటి ఆడవాళ్ళు నవ్వుకున్నారు. పిల్లని ఆరో తరగతిలో మిషన్ హాస్టల్లో వేసిన రోజున కూడా వాళ్ళు ఇలాగే నవ్వారు. ఆ పిల్ల యూనివర్సిటీలో ఫస్టు క్లాసులో పాసై, అదే మిషన్ వాళ్ళ కాలేజీలో లెక్చరరుగా చేరింది. ఇంత జరిగాక గుట్టుగా ఉండమంటే ఆమె వల్ల అయ్యే పని కాదు.

ఆ మాటకొస్తే, నోరు తగ్గించుకోవడం గంగాలమ్మకి పుట్టుకతోనే చేతకాదు. కంచరపాలెం రైలు గేటు దగ్గర చేపల బుట్టతో నిలబడి ఒక్క కేక వేసిందంటే కొండవాలులో ఆఖరి ఇంటిదాకా వినపడాల్సిందే. కూతురు సూర్యకాంతానికీ అదే గొంతు వచ్చింది. చిన్నప్పుడు ఒడ్డున నిలబడి, అలల అవతల తెప్ప మీదున్న తండ్రిని పిలిచేది. ఆ పిలుపుకి తండ్రే కాదు, పక్క తెప్పల వాళ్ళు కూడా వెనక్కి తిరిగి చూసేవాళ్ళు. అదంతా హాస్టల్లో చేరక ముందు మాట.

అవి స్టీలు ప్లాంటు కడుతున్న రోజులు. ప్లాంటులోనూ పోర్టులోనూ గుమస్తాలుగా చేరినవాళ్ళకి ఇంకాస్త చదివితే పెద్ద కుర్చీ దొరుకుతుందని ఆశ. అలాంటివాళ్ళ కోసం మిషన్ కాలేజీ వాళ్ళు తంటాలు పడి అనుమతి తెచ్చుకుని, సాయంకాలం ఎం.కామ్. మొదలుపెట్టారు. పాఠాలకి గదులు చాలలేదు. చివరికి ఈ క్లాసుకి మిగిలింది పాత అచ్చాఫీసు హాలు. దాని వెనక ప్రహరీ గోడ, గోడ అవతల సందు, సందు అవతల రైలు పట్టాలు. ఇనుపరాయి నింపుకుని పోర్టుకి పోయే గూడ్సు బళ్ళు సాయంత్రం పూట ఒకదాని వెనక ఒకటి వచ్చేవి. ఒక్కొక్క బండి దాటేసరికి ప్రాణం విసిగిపోయేది. మగ లెక్చరర్లు బండి వచ్చినప్పుడల్లా సుద్దముక్క బల్ల మీద పెట్టి కిటికీలోంచి చూస్తూ నిలబడేవాళ్ళు. వాళ్ళ మీద ఎవరూ అర్జీ పెట్టలేదు. సూర్యకాంతం మీద పెట్టారు.

ఆ కబురు గంగాలమ్మకి చిలకమ్మ దగ్గర తెలిసింది. చిలకమ్మ భర్త లోకోషెడ్డులో పనిచేస్తాడు. ఆమె తమ్ముడు గురునాథరావు పద్మనాభం ఊరి నుంచి రోజూ వచ్చి పోర్టులో గుమస్తాగిరీ చేసి, సాయంత్రం ఆ ఎం.కామ్. క్లాసుకి వెళతాడు. గంగాలమ్మ ఆ ఇంటి అరుగు మీద కత్తిపీట వేసుకుని చేపలు తోముతుంటే, చిలకమ్మ గిన్నె పట్టుకుని పక్కన కూర్చుంది.

"ఏటనుకోకు గంగాలమ్మా. మీ అమ్మాయి పాఠం ముందు బెంచీ వాళ్ళకి తప్ప ఎవరికీ ఇనపడట్లేదంట. మంచి పిల్లే, సబ్జెక్టు బాగా తెలుసంట. కానీ పిల్లికూనలా మాటాడతాదంట. రోజంతా పోర్టులో సచ్చి, ఫీజు కట్టి వచ్చేది వినడానికే గదా అని మా తమ్ముడోళ్ళు ప్రిన్సిపాలు గారికి అర్జీ రాసిచ్చేరు."

గంగాలమ్మ చెయ్యి ఆగిపోయింది. సూర్యకాంతానికి సబ్జెక్టు రాదని అన్నా ఆమెకి ఇంత కోపం వచ్చేది కాదు.

"నా కూతురి గొంతు ఇనపడదా? నా కడుపున పుట్టిన దాని గొంతా?" అంది. చిలకమ్మ పాపం మంచి మనసుతోనే చెప్పింది. అయినా ఆ పూట కొసరు చేప వెయ్యకుండానే గంగాలమ్మ బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్న సూర్యకాంతం తల దువ్వుకుంటుంటే ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"ఏటే సూరీ, నువ్వు సెప్పింది ఎవరికీ ఇనపడట్నేదంట?"

సూర్యకాంతం దువ్వెన పక్కన పెట్టింది. అబద్ధం చెప్పే పిల్ల కాదు. "నిజమే అమ్మా" అంది. "శుక్రవారం ప్రిన్సిపాలు దేవసహాయం గారు వచ్చి వెనక బెంచీలో కూర్చుంటారు. ఆయనకి వినపడితే ఉంటాను. లేకపోతే ఇంకొకరిని చూసుకుంటారు."

"మరి గట్టిగా సెప్పడానికి నీకేటి రోగం?"

"మెల్లగా మాట్లాడితేనే నా మాట సరిగ్గా వస్తుంది. గొంతు ఎత్తానంటే పేట మాటే వచ్చేస్తుంది. అక్కడున్నవాళ్ళంతా నాకన్నా పెద్దవాళ్ళు, రేపు ఆఫీసర్లయ్యేవాళ్ళు. సేపలు, సదువు అన్నానంటే నవ్వుతారు."

"ఇనపడితేనే గదే, నవ్వడానికైనా."

కూతురు నవ్వలేదు. "నువ్వే కదమ్మా అన్నావు, హాస్టల్లో దింపిన రోజున. ఇక్కడ మెల్లగా మాటాడమ్మీ, సేపలమ్మేదాని పిల్లంటారు అని."

గంగాలమ్మకి గుర్తొచ్చింది. ఆ మాట అనడం నిజమే. ఆ రోజు వార్డెనమ్మ శుభ్రమైన తెల్లచీర చూసి, తన దగ్గర చేపల వాసన వస్తోందేమోనని నాలుగడుగుల దూరంలో నిలబడి, పిల్ల మంచి కోసమే చెప్పింది. చిన్నపిల్ల అంత గట్టిగా పట్టుకుంటుందని ఎవరు మాత్రం అనుకుంటారు? రెండు రోజులు ఆమెకి అన్నం సయించలేదు.

శుక్రవారం బుట్ట తొందరగానే ఖాళీ అయింది. ఖాళీ కాకపోతే ఆ రోజు ఊరికే పంచేసేదే. సాయంత్రం తిన్నగా కాలేజీ వెనక సందులోకి వెళ్ళి, ప్రహరీ గోడకి ఆనుకుని నిలబడింది. గోడ నడుమెత్తు కన్నా కొంచెం పైన ఉంటుంది. దాని అవతల హాలు కిటికీలు తెరిచే ఉన్నాయి. లోపల ముందు ప్రార్థన అయింది. మగగొంతులన్నీ కలిసి "ఆమెన్" అనడం వినపడింది. ఏ దేవుడు వింటాడో మనకెందుకని గంగాలమ్మ కూడా సింహాద్రి అప్పన్నకి ఒక దండం పెట్టుకుంది.

తరవాత పాఠం మొదలైంది. మొదలైందని అనుకోవడమే, ఏమీ వినపడలేదు. గోడ మీదికి వంగి చెవి పెట్టి వింటే ఎక్కడో దూరంగా సన్నగా ఒక గొంతు. అది కూతురిదని ఆమె ఒప్పుకోలేకపోయింది. ఇంతలో పట్టాల మీద గూడ్సు వచ్చింది. భూమి అదిరింది, కిటికీ రెక్కలు టపటపలాడాయి. ఆ సన్నగొంతు కూడా ఆగిపోయింది. బండి ఎంతకీ తెగలేదు. తెగాక లోపల ఎవరో దగ్గారు, ఎవరో బెంచీ జరిపారు. ఒకాయన మర్యాదగానే అన్నాడు: "మేడమ్, మళ్ళీ మొదటినుంచి చెప్పండి."

మళ్ళీ మొదటినుంచి ఆ సన్నగొంతే వచ్చింది. వెనక బెంచీలో గుసగుసలు, ఆ మీద ఒక నవ్వు. గంగాలమ్మకి ఆ నవ్వు వీపు మీద చరిచినట్టు తగిలింది. పోతోంది, కళ్ళెదుటే పిల్ల ఉద్యోగం పోతోంది. చదువు చాలక కాదు, గొంతు లేకా కాదు. తను నొక్కమన్న గొంతుని ఆ పిల్ల ఇంకా నొక్కి పట్టుకునే ఉంది.

ఇక ఆమె వల్ల కాలేదు. బుట్ట కింద పడేసి, చేతులు నోటి చుట్టూ దొప్పలా పెట్టుకుని కేక వేసింది.

"ఓలమ్మీ సూరీ! నీ గొంతేటయ్యిందే? నోరిప్పు! తెప్ప మీదోళ్ళకి ఇనపడాల!"

హాలు హాలంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. అప్పటికి గాని తను చేసిన పనేమిటో గంగాలమ్మకి తెలిసిరాలేదు. ప్రిన్సిపాలు లోపల ఉన్నాడు, అంతమంది పెద్దవాళ్ళున్నారు. కిటికీలో ఒక తల కనపడింది. కళ్ళజోడు, నుదుటిన సన్నటి బొట్టు, చిలకమ్మ పోలికే. గురునాథరావు ఇతనే అయి ఉంటాడనుకుంది.

"ఎవరమ్మా నువ్వు? ఇక్కడ క్లాసు జరుగుతోంది" అన్నాడతను.

బస్సు కండక్టరుని కూడా వదలకుండా నా కూతురని చెప్పుకున్న మనిషి, ఇప్పుడు అడగక అడిగితే తల దించుకుంది.

"ఎవర్నీ కాను బాబూ. సేపలమ్ముకునేదాన్ని. మా పిల్లెవర్తో ఇటేపు వచ్చిందేమోనని పిల్సుకున్నాను" అంది. అంత మెల్లగా ఆమె పుట్టి బుద్ధెరిగాక మాట్లాడలేదు. వంగి బుట్ట తీసుకుంది. సందు చివరికి చేరేలోగా ఈ నేల చీలి తనని మింగితే బాగుండుననుకుంది.

అప్పుడే ఇంకో గూడ్సు వచ్చింది. ఇంజను కూత, బోగీల మోత, ఇనుప చక్రాల రొద. ఆ రొదంతటి మీదుగా, హాల్లోంచి ఒక గొంతు లేచింది.

"గురునాథరావు గారూ, వచ్చి కూకోండి! ఆవిడ మా అమ్మ!"

గంగాలమ్మ అక్కడే నిలబడిపోయింది.

"మా అమ్మ! సేపలమ్ముతాది! ఇప్పుడు ఎనక బెంచీకి ఇనపడతన్నాదా?" బండి పోతూనే ఉంది, ఆ గొంతు ఎక్కడా తగ్గలేదు. "ఇనపడితే రాసుకోండి. ఇయాళ పాఠం గుడ్‌విల్. హార్బరులో సేపలు అందరూ ఒక్క ధరకే కొంటారు. అందరి బుట్టల్లోనూ అవే సేపలు. అయినా ఈ కంచరపాలెంలో కొన్ని ఇళ్ళోళ్ళు ఇంకో బుట్ట వంక సూడరు. మా అమ్మ వచ్చేదాకా పొయ్యి ముట్టించరు. బుట్టకి ధర కడతాం, సేపలకి ధర కడతాం. ఆ ఎదురుసూపుకి ధరెంత? ఆస్తుల లెక్కలో దాన్ని ఎక్కడ సూపిస్తాం? రేపు మా అమ్మ ఈ వీధుల బేరం ఇంకొకరికి అమ్మితే, కొన్నావిడ దేనికని డబ్బు ఇస్తాది?"

ఒక్కరూ నవ్వలేదు. కాగితాలు తిప్పుతున్న చప్పుడు, బండి తోక దాటాక, సందులోకి స్పష్టంగా వచ్చింది. ఎవరో లేచి ప్రశ్న వేశారు. సూర్యకాంతం జవాబు చెప్పింది. ఇంకెవరో దాన్ని ఒప్పుకోలేదు, వాదించారు. ఆమె బోర్డు మీద టకటకా ఏదో రాస్తూ, ఇంగ్లీషూ పేట తెలుగూ కలగలిపి, ఆ వాదించినాయన చేతే సరైన జవాబు చెప్పించింది. మధ్యలో ఇంకో బండి వచ్చింది, పోయింది. వచ్చిందని ఎవరూ పట్టించుకోలేదు.

గంగాలమ్మ గోడవతల బుట్ట బోర్లించుకుని దాని మీద కూర్చుంది. కళ్ళనీళ్ళు వాటి పాటికవి కారిపోతున్నాయి. తుడుచుకోవాలని కూడా ఆమెకి తోచలేదు. గర్వమంటే ఆమె అంతకు ముందు ఎరగనిది కాదు. కానీ ఇన్నాళ్ళూ ఆ గర్వాన్ని తనే నెత్తిన మోసుకుని వీధి వీధీ తిప్పింది. ఇవాళ కూతురే అంతమంది ముందు మా అమ్మ అని తన పేరు ఎత్తింది. అడక్కుండానే ఎత్తింది, రైలుబండి మీదుగా ఎత్తింది.

క్లాసు అయిపోయి అందరూ సందు వెంట బయటికి వస్తుంటే, ఆమె లేచి పక్కకి తప్పుకుంది. గురునాథరావు ఆమెని చూసి ఆగాడు.

"అమ్మా, అర్జీ రాసింది నానే" అన్నాడు, తప్పుచేసినవాడిలా.

"సిలకమ్మ సెప్పింది బాబూ. మరి ఇప్పుడేటంటావు?"

"ఇప్పుడు సెవులు గింగురుమంటన్నాయి."

"దానికీ ఒక అర్జీ పెడతావేటి?"

అతను పకపకా నవ్వేశాడు. "లేదమ్మా. ప్రిన్సిపాలు గారు నా పక్కనే కూర్చున్నారు. బండి పోతా ఉంటే ఆయన కూడా నా దగ్గర కాగితం అడిగి పాఠం రాసుకున్నారు. ఆ పాత అర్జీ ఆయన సేతుల్లోంచి నానే అడిగి తీసేసుకున్నాను."

అందరూ వెళ్ళిపోయాక సూర్యకాంతం వచ్చింది. చీర నిండా సుద్దపొడి, గొంతు కొంచెం బొంగురుపోయింది. తల్లి ఎదురుగా నిలబడి, కోప్పడాలో నవ్వాలో తెలియనట్టు చూసింది.

"ఎవర్నీ కానన్నావంట?" అంది.

"తప్పయిపోయిందే" అంది గంగాలమ్మ. "ఉద్యోగం ఏటయ్యింది?"

"ఉండిపొమ్మన్నారు. ఈ హాలు మాత్రం మార్చమని అడగొద్దన్నారు." అప్పుడు నవ్వింది. ఇద్దరూ రైలు గేటు వైపు నడిచారు. చాలా దూరం పోయాక సూర్యకాంతం అడిగింది, "ఇంతకీ నా పాఠంలో నీకేటి అర్థమయ్యిందమ్మా?"

"ఏటీ అర్థం కానేదే" అంది గంగాలమ్మ. "మొత్తం ఇనపడ్డాది."