చివరి ఇరవై రెండు సెకన్లు

"నాలుగు ఫైళ్ళు కలపడమేగా, పది నిమిషాల పని," అంటూ భర్త చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ ఇంట్లో ఆమె చేసేవన్నీ పది నిమిషాల పనులే. పాపకి జడ వెయ్యడం, అత్తగారి మాత్రలు డబ్బాలో సర్దడం, ఊడిన గుండీ కుట్టడం. పొద్దున లేచిన దగ్గర్నుంచి అలాంటివి ఎన్ని చేసినా, సాయంత్రానికి "ఇంట్లోనే ఉన్నావుగా" అన్న మాట మాత్రం తప్పేది కాదు.

ఆదివారం మామగారి డెబ్బయ్యో పుట్టినరోజు. ఆయనకి ఇష్టమైన పాట అందరూ కలిసి పాడి వినిపించాలని ఆడపడుచు ఆలోచన. భర్త బల్ల మీద తాళం వేసి పంపాడు. అది చెవిలో పెట్టుకుని ఆడపడుచు పాడింది, ఆడపడుచు భర్త వేణువు వాయించాడు. చివరగా అత్తగారు గదిలో కూర్చుని పాడితే భర్తే తన ఫోన్లో రికార్డు చేశాడు. ఆమెని పాడమని ఎవరూ అనలేదు. "నువ్వు కలపాలి కదమ్మా," అన్నారు అత్తగారు, అదేదో పెద్ద పీట వేసినట్టు.

కలపడం ఆమెకి కొత్త కాదు. పాప పుట్టేదాకా ఒక స్టూడియోలో రేడియో నాటకాలకి శబ్దాలు కలిపేది. తర్వాత మానేసింది. మానిపించారని ఎవరూ అనరు, రాజీనామా మీద సంతకం తనదేగా. ఆర్నెల్ల క్రితం మనసాగక వెళ్ళి అడిగితే, స్టూడియో నడిపే ఆవిడ "ఖాళీ రాగానే ఫోన్ చేస్తా" అంది. అప్పుడు తన ఫోన్ రిపేరులో ఉండటంతో భర్త నంబరు ఇచ్చి వచ్చింది. ఫోన్ రాలేదు. ఇన్నేళ్ళు ఇంట్లో కూర్చున్నదాన్ని ఎవరు పిలుస్తారు, చెవులు మొద్దుబారి ఉంటాయని వాళ్ళకి మాత్రం తెలియదా అని తనకి తనే చెప్పుకుని ఊరుకుంది.

పాత లాప్‌టాప్ పెద్ద సాఫ్ట్‌వేర్లని మొయ్యలేదు. అందుకని బొమ్మలూ బటన్లూ లేకుండా అక్షరాలతోనే పని చెప్పే నల్ల తెర తెరిచి కమాండ్ టైపు చేసింది. నాలుగు ఫైళ్ళ పేర్లు, వాటిని ఒకదాని మీద ఒకటి కలపమని, అన్నిట్లోకీ పొడుగైనది అయ్యేదాకా ఆపొద్దని, చివర కొత్త ఫైలు పేరు. వేళ్ళు ఏదీ మర్చిపోలేదు. చాలా రోజుల తర్వాత ఆమెకి కాస్త నవ్వొచ్చింది.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింది. పాట అయిపోయింది, తాళం ఆగింది, వేణువు ఆగింది. అత్తగారి ఫైలు మాత్రం ఆగలేదు. రికార్డింగ్ ఆపడం మర్చిపోయారు. నాలుగు శబ్దాలూ ఉన్నంతసేపూ ఒక్కోదాన్నీ తగ్గించి వినిపించే ఆ ప్రోగ్రాం, మూడూ అయిపోగానే మిగిలినదాన్ని పైకి లేపింది. ముందు భర్త గొంతు, తర్వాత అత్తగారిది.

"ఆ స్టూడియో ఆవిడ మళ్ళీ ఫోన్ చేసిందమ్మా. తనకిప్పుడు ఉద్యోగం మీద మనసు లేదని చెప్పేశాను."

"దానికి చెప్పావా?"

"ఎందుకు, అనవసరంగా ఆశపెట్టుకుంటుంది."

"పోన్లే. ఇల్లెవరు చూస్తారు మరి."

ఇరవై రెండు సెకన్లు. కత్తిరించడానికి ఒక్క వరుస కమాండ్ చాలు. ఆమె కత్తిరించలేదు. అందరి ముందూ వినపడనీ అనుకుంది. భర్త తల దించుకుంటాడు, మామగారు ఏమిట్రా ఇది అంటారు, ఆడపడుచైనా, బ్యాంకులో పనిచేసే మనిషి, లేచి వచ్చి పక్కన నిలబడుతుంది. మూడు రోజులు ఆ దృశ్యాన్ని మనసులో వెనక్కీ ముందుకీ తిప్పుకుంటూనే అంట్లు తోమింది.

ఆదివారం మధ్యాహ్నం హాల్లో పదిమంది. పాట అయింది, చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత స్పీకర్లోంచి ఆ మాటలు, ఒక్క అక్షరం పోకుండా, వచ్చాయి.

"అయ్యో, చివర మాటలు కూడా పడిపోయాయే," అని ఆడపడుచు నవ్వింది.

"మా ఇంట్లో ఇలా చెప్పి తప్పించుకోలేం బాబూ," అన్నాడు ఆడపడుచు భర్త. ఇంకో ఇద్దరు నవ్వారు.

మామగారు కళ్ళు తుడుచుకుంటూ, "మీ అమ్మ గొంతు ఏమీ మారలేదురా. మళ్ళీ పెట్టు," అన్నారు.

"ముందు ఆ చివరి ముక్క తీసెయ్యమ్మా," అన్నారు అత్తగారు ఆమెతో, మామూలుగా, టీలో పంచదార ఎక్కువైందన్నంత మామూలుగా. "అందరికీ పంపాలిగా."

భర్త ఆమె వెనకే వంటింట్లోకి వచ్చాడు. గొంతు కూడా పెంచలేదు. "వినాలనే ఉంచావు కదూ. విన్నారు. ఎవరైనా నన్ను ఏమన్నా అన్నారా?"

ఎవరూ ఏమీ అనలేదు. అది దాచిన సంగతి అని ఇన్నాళ్ళూ ఆమె అనుకుంది. దాచాల్సినంత సంగతని కూడా వాళ్ళెవరికీ అనిపించలేదు.

లాప్‌టాప్ తెరిచి పాట అయిన చోట కత్తిరించింది. పాటని అందరికీ పంపింది. కత్తిరించిన ముక్కని విడిగా ఇంకో ఫైలు చేసి స్టూడియో ఆవిడకి పంపింది. ఆ ఉద్యోగంలోకి ఈపాటికి ఇంకెవరో వచ్చేసి ఉంటారని తెలుసు. మళ్ళీ పిలుస్తారన్న ఆశేమీ లేదు. కింద ఒక్క వాక్యం రాసింది.

"నాకు మనసు లేదని చెప్పింది నేను కాదు."