ఒక మెట్టు పైకి

ప్రాక్టీసు మొదలుపెట్టే ముందు చేతులు పట్టుకుని ఒకరి కోసం ఒకరు ప్రార్థన చేసుకోవడం ఆ గాయక బృందానికి అలవాటు. ఎవరి కోసం ఎవరు చేయాలో పాస్టరుగారు చెబుతారు. ఆ సాయంత్రం ఆయన కీబోర్డు వాయించే ఆమె వైపు తిరిగి, మీ వదిన గొంతు కోసం నువ్వు చెయ్యమ్మా అన్నారు.

ఆమె చేసింది. ఎంత బాగా చేసిందంటే, పక్కన నిలబడ్డ పెద్దావిడ కళ్లు తుడుచుకుంది. ఆ గొంతు నీవిచ్చిన వరం ప్రభువా, ముట్టి స్వస్థపరచు అంది. ఒక్క మాటా తడబడలేదు. అందరూ ఆమేన్ అన్నారు. కళ్లు తెరిచి చూసుకుంటే, లోపల మనసు ఎగిరి గంతేస్తోంది.

వదిన గొంతు పోయింది. నెల రోజులు పాడొద్దని, మాట్లాడటం కూడా తగ్గించమని డాక్టరు చెప్పాడు. ఆదివారమేమో కొత్త మందిర ప్రతిష్ఠ. ఆ ఆరాధనలో ఒక్కరే పాడాల్సిన పాట ఇక ఎవరి చేతికి వస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

అన్నకు పెళ్లి కాకముందు ఆ సంఘంలో పాటంటే ఆమెదే. వదిన కాపురానికొస్తూ ఆ గొంతు వెంటబెట్టుకొచ్చింది. కింది స్వరాల్లో నిండుగా పలికే గొంతు, వింటే మనసు కుదుటపడుతుంది. మొదటి ఆదివారమే సంఘమంతా ఫిదా. ఆడపడుచు నెమ్మదిగా కీబోర్డు వెనక్కి జరిగింది. అడిగినవాళ్లకు, ఏ పరిచర్య అయితేనేం, ప్రభువు కోసమే కదా అనేది. ఆ మాట వినీ వినీ ప్రభువుకే విసుగొచ్చి ఉంటుంది.

ఎందుకంటే కడుపులో ఉన్న కోరిక ఒక్కటే. కొత్త మందిరంలో మొదటి పాట తనది కావాలి. అది తీరేలా కనిపించిన రోజు లోకమంతా మంచివాళ్లే. వదిన పేరు వినపడిన రోజు పంటి కింద రాయి పడినట్టుండేది. ఆ చిరాకుకు తలనొప్పని ఒకసారి, ఎండలని ఒకసారి పేరు పెట్టుకుంది. పగలంతా కళ్లద్దాల షాపులో పదిమంది చూపు సరిచేసే మనిషికి తన సంగతి కనపడలేదు.

ఇక ఆ మీట విషయం. కీబోర్డుకు శ్రుతి మార్చే మీట ఒకటుంటుంది. నొక్కితే వేళ్లు పాత చోట్లే ఆడతాయి, పాట మాత్రం ఒక మెట్టు పైకి పోతుంది. వాయించేవాళ్లు చెబితే తప్ప పక్కవాళ్లకు తెలియదు. కిందటి వారం వదిన జలుబుతో, గరగరలాడే గొంతుతో ప్రాక్టీసుకు వచ్చింది. ఆడపడుచు వేలు ఆ మీట మీదకు వెళ్లింది. పాట కాస్త కళకళలాడుతుందిలే అనుకుంది. కాసేపాగి మళ్లీ నొక్కి ఇంకో మెట్టు పెంచింది.

ఇవాళెందుకో అందట్లేదని వదిన దగ్గుతూ అంది. జలుబు కదా వదినా, అదే వస్తుంది, ఇంకోసారి చూద్దామంది ఈమె. చూశారు. ఆ ఇంకోసారి చాలాసార్లయింది. చివరికి పై స్వరం దగ్గర వదిన గొంతు పాత గుడ్డ చిరిగినట్టు పలికి ఆగిపోయింది.

ఈ సాయంత్రం ప్రాక్టీసు అయ్యాక పాస్టరుగారు పాట ఆమెకే అప్పగించి, నేల మీది వైర్లు చుడుతూ తన గోడు చెప్పుకున్నారు.

"పొద్దున రంగులేసే అతని మీద అరిచానమ్మా. దేవుని పని ఆలస్యమవుతోందని కోపం అనుకున్నా. కాదు. ఆదివారం వచ్చే పెద్దల ముందు నా గొప్ప పోతుందని. కోపమొచ్చినా సంతోషమొచ్చినా, నేనేం కోరుకుంటే ఇది వచ్చిందీ అని నన్ను నేనే అడగాలి. అడిగితే చాలాసార్లు సిగ్గేస్తుంది."

ఆయన మామూలుగానే అన్నారు. ఆమెకు మాత్రం మొహం మీద కొట్టినట్టయింది. వదినకు మాట పోతే తనకెందుకంత సంతోషం? జవాబు కోసం వెతుక్కోవలసిన పని లేకపోయింది. చెప్పులు తొడుక్కుని నేరుగా వదినింటికి నడిచింది.

వదిన వేడినీళ్ల గిన్నె మీదకు వంగి, తువ్వాలు కప్పుకుని ఆవిరి పడుతోంది. తువ్వాలు తీసి, ఎర్రబడిన తడి మొహంతో నవ్వింది.

"పాట నీకే ఇచ్చారటగా," అంది, గాలి తప్ప గొంతు లేని మాటతో. "ఈసారి ఇద్దరం కలిసి పాడదామని నేనే అడుగుదామనుకున్నా. ఇంతలో ఇలా అయింది. పోనీలే, నువ్వన్నా పాడు."

ఆమె మంచం అంచున కూర్చుంది.

"వదినా, ఆ రోజు శ్రుతి పెంచింది నేనే. నీ గొంతు బాగోలేదని తెలిసే పెంచాను."

వదిన ఆమెను చూసింది. తువ్వాలు మళ్లీ తల మీద కప్పుకుని గిన్నె మీదకు వంగింది. భుజాలు కదులుతున్నాయి. చెప్పేస్తే బరువు దిగుతుందనుకుంది ఆడపడుచు. దిగలేదు, ఇంకొకరి నెత్తిన కూడా పడింది. లేచి వెళ్లే మొహం లేక అక్కడే కూర్చుంది. గిన్నెలో నీళ్లు చల్లారిపోయాక తువ్వాలు కిందనుంచి మాట వచ్చింది.

"క్షమించానని అనాలి. అంటాను. ఇవాళ కాదు." మళ్లీ కాసేపటికి, "ఆదివారం పాడు. కానీ నా శ్రుతిలో పాడు."

కొత్త మందిరమంతా రంగు వాసన. ఆమె మీట నొక్కి శ్రుతిని వదిన చోటికి దించింది. ఆ కింది స్వరాలు తనవి కావు. సగం మాటలు వెనక వరుసల దాకా పోలేదు. ముందు వరుసలో వదిన పెదవులు బిగించుకుని, ఒళ్లో వేలితో తాళం వేస్తూ కూర్చుంది. ఆ వేలు ఎక్కడ ఆగిపోతుందోనన్న భయంతోనే పాట ముగించింది.

బాగా పాడావని ఎవరూ అనలేదు. పెద్దావిడ మాత్రం వచ్చి చెయ్యి పట్టుకుని, మీ వదిన గొంతు ఎప్పటికి బాగవుతుందమ్మా అని అడిగింది. ప్రార్థన చేస్తున్నానండీ అంది, అనగానే మొన్న చేసింది గుర్తొచ్చి తల దించుకుంది.

అందరూ వెళ్లాక కీబోర్డు మీద గుడ్డ కప్పి మోకరించింది. మొన్నటి చక్కటి మాటల్లో ఒక్కటీ రాలేదు. "వదిన గొంతు, ప్రభువా," అని మాత్రం అనగలిగింది. ఆమేన్ అనడానికి ఈసారి పక్కన ఎవరూ లేరు.