డ్రైవర్స్ అనే ఫోల్డర్

"ఫార్మాట్ కొట్టు, పీడ పోతది," అన్నాడు మధుకర్, లాప్‌టాప్ మూత కొంచెం గట్టిగానే వేస్తూ. నేను వంటింట్లో బీరకాయల చెక్కు తీస్తున్నాను.

"ఫార్మాట్ అక్కర్లేదు. జర టైమ్ ఇయ్యి, సాఫ్ చేస్త," అన్నాను.

"ఊరందరి కంప్యూటర్లు బాగు చేస్తదట. ఇంట్లది మాత్రం ఎడ్లబండి లెక్క నడుస్తది," అంది మా అత్తమ్మ లచ్చమ్మ, టీవీ మీంచి కళ్లు తిప్పకుండానే.

ఆ లాప్‌టాప్ పెళ్లికి ముందు నా జీతంతో నేను కొనుక్కున్నది. పెళ్లయ్యాక అది 'మన లాప్‌టాప్' అయింది. మా మరిది సందీప్ సినిమాలు, పెళ్లి వీడియోలు, మధుకర్ పాత ప్రాజెక్టులు, అత్తమ్మ చూసే ప్రవచనాలు అన్నీ అందులోకే చేరాయి. నల్లగండ్లలో ఫ్లాట్ చూసుకునేటప్పుడు బిల్డర్లు పంపిన వీడియోలు కూడా అందులోనే ఉండిపోయాయి. అన్నీ మింగి మింగి అది నెమ్మదించాక మాత్రం మళ్లీ 'నీ లాప్‌టాప్' అయింది. "నీ లాప్‌టాప్ ఆన్ అయ్యేలోపు చాయ్ తాగి రావొచ్చు" అని మధుకర్ ఫ్రెండ్స్ ముందు నవ్వేవాడు. చాయ్ పెట్టేది కూడా నేనే కాబట్టి ఆ మాటకు ఎలా నవ్వాలో నాకు తెలిసేది కాదు.

నేను హైటెక్ సిటీలో ఒక కంపెనీలో డెస్క్‌టాప్ సపోర్ట్ చేస్తాను. ఎవరి సిస్టమ్ మొరాయించినా వెళ్లి చూడాలి. వెళ్లగానే చాలామంది నా వెనక ఇంకెవరైనా వస్తున్నారా అని చూస్తారు. "ఇంజినీర్ రాలేదా?" అని అడుగుతారు. నేనే ఇంజినీర్ అని చెప్తే, కుర్చీ ఇవ్వకుండా పక్కన నిలబడి నా చేతుల్నే గమనిస్తారు. మా టీమ్ లీడ్ అజయ్‌కి నా మీద ఒకటే ఫిర్యాదు. "నవనీతా, స్లో అంటే ఫార్మాట్ కొట్టి ఇచ్చెయ్. ఎందుకు స్లో అయిందని నిన్నెవడడిగిండు? నువ్వు వాళ్లతోని ముచ్చట్లు పెట్టుకుంట కూసుంటవు, నా కంప్లైంట్ టికెట్లు క్లోజ్ కావు." అవి ముచ్చట్లు కావు. డిస్క్ నిండిందా, ఆన్ చేయగానే అక్కర్లేని ప్రోగ్రాములన్నీ తెరుచుకుంటున్నాయా, ఫ్యాన్‌లో దుమ్ము పేరుకుందా అని చూడాలంటే ఆ మనిషి దగ్గర కూర్చోవాలి, అడగాలి. ఉన్నదంతా ఒకేసారి తీసేసే ఫార్మాట్‌కి ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదు. అందుకే అది అందరికీ ఇష్టం.

ఆ శనివారం ఇంట్లో లాప్‌టాప్ ముందేసుకుని పట్టుబట్టి కూర్చున్నాను. కూర్చున్నాను అని రాస్తున్నాను గానీ, కూర్చున్నంతసేపు కూర్చోనిచ్చింది ఎవరు? స్క్రూలు విప్పేసరికి అత్తమ్మకు బీపీ మాత్రలు కనపడలేదు. ఫ్యాన్ బయటికి తీసేసరికి మధుకర్‌కి చాయ్ కావాలి. సందీప్ చెప్పకుండా ఫ్రెండ్స్‌ని తీసుకొచ్చాడు, అందరికీ ఉప్మా. మధ్యమధ్య వచ్చి కుంచెతో ఫ్యాన్ రెక్కలు తుడిచాను. దుమ్ము కంబళి ముక్కలా ఊడొచ్చింది, అందులో నా వెంట్రుకలు కూడా. ఒకదానితో ఒకటి కొట్లాడుకుంటున్న రెండు యాంటీవైరస్‌లలో ఒకదాన్ని తీసేశాను. సందీప్‌ని పిలిచి "ఈ సినిమా ఉంచాల్నా, తియ్యాల్నా?" అని ఒక్కొక్కటీ అడిగాను. అడగకుండా ఎవరిదీ ఒక్క ఫైలు తీయలేదు. సాయంత్రానికి లాప్‌టాప్ కొన్ననాటిలా లేచింది. మధుకర్ తెరిచి చూశాడు. "ఊఁ" అన్నాడు. "ఎన్నొద్దులుంటదో చూద్దాం," అన్నాడు. అంతే.

నేను తాకకుండా వదిలేసిన ఫోల్డర్ ఒకటి అందులో ఉంది. దాని పేరు 'డ్రైవర్స్', కంప్యూటర్ భాగాలను నడిపించే ఫైళ్లకు వాడే మాట. ఎవరూ తెరవాలనుకోని పేరు కావాలని అదే పెట్టాను. అందులో మా పాప ఉంది.

రెండేళ్ల కింద నెలలు నిండకముందే పుట్టింది. దవాఖానలో అద్దాల పెట్టెలో పెట్టారు. వారం తిరగకుండానే పోయింది. ఆ కొద్దిరోజుల్లో నేను తీసిన ఫోటోలు, ఒక చిన్న వీడియో, నాకు మిగిలింది అంతే. ఇంటికి వచ్చాక "పుట్టి పోయినదాని ముచ్చట తియ్యొద్దు, మళ్ల వచ్చేదానికి అచ్చిరాదు" అంది అత్తమ్మ. ఒకసారి అందరం అన్నం తింటుండగా నా ఫోన్ తనంతట తానే పాత జ్ఞాపకాలంటూ పాప ఫోటోలను సంగీతంతో సహా చూపించింది. మధుకర్ ఫోన్ లాక్కుని, వాళ్లమ్మ ఎదుటే అన్నీ డిలీట్ చేశాడు. అప్పటికే లాప్‌టాప్‌లోకి ఎక్కించుకున్నాను కాబట్టి నేను నోరు మూసుకున్నాను. రోజూ చూసేదాన్ని కాదు. ఎప్పుడైనా ఇంట్లో ఎవరూ లేనప్పుడు తెరిచి, అన్నీ ఉన్నాయని చూసుకుని మూసేసేదాన్ని.

మరుసటి వారం ఆఫీసు నుంచి వచ్చేసరికి లాప్‌టాప్ డైనింగ్ టేబుల్ మీద తెరిచి ఉంది. తెర మీద కొత్త సిస్టమ్‌లో వచ్చే నీలం బొమ్మ. ఆ రోజు మధుకర్ ఇంటి నుంచే పని చేశాడు.

"చూడు, కొత్తదాని లెక్క చేసిన," అన్నాడు. "నీ డాక్యుమెంట్లన్నీ పెన్‌డ్రైవ్‌ల వేసిన. ఫికర్ చెయ్యకు."

నిలబడే పెన్‌డ్రైవ్ పెట్టి చూశాను. నా సర్టిఫికెట్లున్నాయి. పెళ్లి ఆల్బమ్ ఉంది. సందీప్ సినిమాలున్నాయి. నేను దాచుకున్న పచ్చళ్ల కొలతలు కూడా ఉన్నాయి.

"డ్రైవర్స్ అని ఒక ఫోల్డర్ ఉండె," అన్నాను.

"డ్రైవర్లెందుకు? అవి సిస్టమే వేసుకుంటది గదా," అన్నాడు. ఆ మాట అంటూ తెర వైపు కాకుండా నా ముఖం వైపు చూశాడు. అప్పుడు నాకు అర్థమైంది.

"అండ్ల ఏమున్నయో నీకు తెలుసు."

"తెలుసు. తెలిసే తీసిన." గొంతు మెత్తగా పెట్టాడు, జ్వరం వచ్చినవాళ్లతో మాట్లాడినట్టు. "నీ మంచికే నవనీతా. ఎన్నొద్దులు గట్లనే పట్టుకొని కూసుంటవు? వచ్చే వారం డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్న. మళ్ల కొత్తగ మొదలువెడదాం."

"మంచి పని చేసిండు," అంది సోఫాలోంచి అత్తమ్మ. "నేనే చెప్పిన."

లాప్‌టాప్ ఎంత వేగంగా నడుస్తున్నా అతను ఈ పని చేసేవాడే. శనివారమంతా నేను దుమ్ము తుడిచి, ఒక్కొక్కరినీ అడిగి అడిగి బాగు చేసినందుకు అతనికి కాస్త ఇబ్బంది కలిగి ఉంటుంది. సాకు పోయింది కదా. ఆ ఇబ్బందిని కూడా దాటి, మీటింగుకీ మీటింగుకీ మధ్య వచ్చి కూర్చుని, నా సర్టిఫికెట్లు ఏరి, పచ్చళ్ల కొలతలు ఏరి, పాపను మాత్రం పక్కనబెట్టి బటన్ నొక్కాడు. మతిమరుపుతో పోయి ఉంటే ఏడ్చేదాన్నేమో. అప్పుడు నాకు ఏడుపు రాలేదు.

పవర్ బటన్ నొక్కి పట్టుకున్నాను, తెర నల్లబడేదాకా. ఫార్మాట్ కొట్టగానే పాత డిస్క్‌లో ఉన్నవి చెరిగిపోవు. ఏది ఎక్కడుందో చెప్పే గుర్తులు మాత్రమే పోతాయి. వాటి మీద కొత్తవి రాసిన కొద్దీ నిజంగా చెరుగుతాయి. ఆన్‌లో ఉన్న ప్రతి క్షణమూ నష్టమే. బ్యాగులోంచి స్క్రూడ్రైవర్ తీసి, కూర గిన్నె పక్కకు జరిపి, లాప్‌టాప్ వెనక్కి తిప్పాను.

"ఏం చేస్తున్నవ్? పిచ్చి లేసిందా?" అన్నాడు మధుకర్. చెయ్యి పట్టుకోబోయాడు. స్క్రూడ్రైవర్ నా చేతిలో ఉందని చూసి ఆగాడు. దాన్ని అతని మీదికి ఎత్తాలన్న ఆలోచన నాకు లేదు. కానీ అతను అలా అనుకుని ఆగినందుకు బాధపడలేదు.

డిస్క్ తీసి చున్నీలో చుట్టుకున్నాను. చెప్పులు వేసుకుంటుంటే అత్తమ్మ అడిగింది, "మరి అన్నం ఎవరు పెడ్తరు?"

మా టీమ్‌లో పనిచేసే హన్నా కొత్తగూడలో చిన్న గది కిరాయికి తీసుకుని ఉంటోంది. ఆటోలో అక్కడికి వెళ్లాను. విషయం విని తను లేచింది. తన సిస్టమ్‌కి డిస్క్ తగిలించి, పోయిన ఫైళ్లు వెతికే సాఫ్ట్‌వేర్ పెట్టింది.

"రాత్రంతా వెతుకుతుందక్కా, నువ్వు పడుకో," అంది. కాసేపటికి, "ఇంకోచోట కాపీ పెట్టుకోలేదా?" అని మెల్లగా అడిగింది.

"ఒక్క చోట దాచుకునుడే కష్టమైంది," అన్నాను.

తెల్లారేసరికి వేల ఫైళ్లు వచ్చాయి, పేర్లు లేకుండా, వట్టి అంకెలతో. హన్నా ఆఫీసుకు ఫోన్ చేసి ఇద్దరికీ సెలవు చెప్పింది. ఇద్దరం పక్కపక్కన కూర్చుని తెరుస్తూ పోయాం. బిల్డర్ వీడియో ముక్కలు, ప్రవచనాల ముక్కలు, మా పెళ్లిలో ఎవరివో చేతులు. మధ్యాహ్నం ఎండ కిటికీలోకి వచ్చేవేళ ఒక ఫోటో తెరుచుకుంది. పైసగం బాగుంది. కిందిసగం బూడిదరంగు పట్టీ. ఆ పట్టీకి పైన పాప ముఖం. కళ్లు మూసుకుని, నుదురు చిట్లించి, ఎవరి మీదో విసుక్కుంటున్నట్టు. మిగతా ఫోటోలు రాలేదు. వీడియో రాలేదు. అతని కొత్త సిస్టమ్ వాటి మీద రాసేసుకుంది.

అప్పుడు ఏడ్చాను. హన్నా నా వీపు మీద చెయ్యి వేసి, రెండో చేత్తో ఆ ఒక్క ఫోటోను మూడు చోట్ల కాపీ చేసింది. "నీలాగే ఉందక్కా ఆ విసుగు," అంది. పాప ఎవరిలా ఉందో చెప్పిన మొదటి మనిషి తనే.

ఇంటికి వెళ్లలేదు. మధుకర్ మెసేజ్‌లు పెడుతూనే ఉన్నాడు. మొదట కోపంగా, తర్వాత "జర సముదాయించుకో" అని, చివరికి "కనీసం డాక్టర్ దగ్గరికన్నా రా, అక్కడ మాట్లాడుకుందాం" అని. అపాయింట్‌మెంట్ రోజు ఆఫీసు నుంచి నేరుగా వెళ్లాను. ఎందుకు వెళ్లానంటే, తప్పు చేశానన్న మాట అతని నోటి నుంచి వస్తుందేమోనని. అంత జరిగాక కూడా అలా అనుకున్నందుకు నా మీద నాకే కోపం.

అతను కొత్త చొక్కాలో వచ్చాడు. "లోపల జర నవ్వు ముఖం పెట్టు," అన్నాడు.

డాక్టర్ పెద్దావిడ. కళ్లజోడు సరిచేసుకుని, "ఇంతకుముందు ఏమైనా ప్రెగ్నెన్సీ వచ్చిందా?" అని నన్నే అడిగింది.

"ఒకటి వచ్చింది మేడమ్, నిలువలే," అన్నాడు మధుకర్.

"ఎన్నో నెలలో పోయింది?"

"మొదట్లనే మేడమ్." తడుముకోకుండా చెప్పాడు. కంప్యూటర్‌లోంచి తీసినట్టే, డాక్టర్ రాసుకునే కాగితంలోంచి కూడా పాపను తీసేశాడు.

"మొదట్లో కాదు మేడమ్," అన్నాను. "పాప పుట్టింది. ఏడ్చింది. దూది ముంచి పెడితే రెండు చుక్కలు నా పాలు తాగింది. తర్వాత చనిపోయింది."

టేబుల్ కింద మధుకర్ నా మణికట్టు పట్టుకుని నొక్కాడు. నా చెయ్యి లాక్కుని టేబుల్ మీద పెట్టుకున్నాను. డాక్టర్ రాయడం ఆపి నా చెయ్యి వైపు చూసింది, తర్వాత అతని వైపు, తర్వాత మళ్లీ నా వైపు.

"అయ్యో తల్లీ," అంది. "మరి ఇప్పుడు మళ్లీ పిల్లలు కావాలనుకుంటున్నావా?"

"అది ఇంకా అనుకోలేదు మేడమ్," అన్నాను. "ఇతనితో మాత్రం వద్దు."