ఆకుపచ్చ వైరు

స్పీకర్లో హమ్మని మూలుగు వస్తోందని ఎవరు ఫోను చేసినా నేను చెప్పేది ఒకటే. ప్లగ్గు విప్పండి, లోపల మూడు వైర్లుంటాయి, ఆకుపచ్చది కత్తిరించి టేపు చుట్టేయండి. అయిదు నిమిషాల్లో వాళ్లే మళ్లీ ఫోను చేసి, పోయిందండీ, దేవుడు మీరు అనేవారు. పద్దెనిమిదేళ్లుగా నర్సీపట్నంలో హోమ్ థియేటర్లు, ఆంప్లిఫయర్లు అమ్ముతున్నాను. ఆ మాట వల్ల నాకు ఖాతాదారులు పెరిగారే తప్ప ఒక్కడు కూడా తగ్గలేదు.

ఆ చప్పుడు ఎందుకొస్తుందో తెలియక కాదు. ఆంప్లిఫయరు ఆ ఆకుపచ్చ వైరు ద్వారా గోడ ప్లగ్గు నుంచి ఒక ఎర్తు తీసుకుంటుంది. దాన్ని టీవీకి కలిపితే, టీవీ వెనక గుచ్చిన కేబుల్ వైరు వీధి స్తంభం దగ్గరి నుంచి ఇంకో ఎర్తు తెస్తుంది. రెండు ఎర్తులకీ మధ్య కాస్త తేడా ఉంటే చాలు, ఆ తేడా ఆడియో వైరులో తిరుగుతూ స్పీకర్లో మూలుగుతుంది. సరిగ్గా బాగుచేయాలంటే సామానంతా ఒకే బోర్డు మీదికి తేవాలి, కేబుల్ వచ్చే చోట రెండు ఎర్తుల్నీ విడదీసే ఐసొలేటరు పెట్టాలి. దానికి వాళ్లింటికి వెళ్లాలి, బీరువాలు జరపాలి, ఒక పూట పోతుంది. ఆకుపచ్చ వైరుకైతే ఫోను చాలు. ఒక పూటకీ ఒక ఫోనుకీ మధ్య ఏది లాభమో చూసుకోవడానికి నాకు కాగితం అక్కర్లేదు.

నాతవరం నతానియేల్ గారికీ రెండేళ్ల కిందట అదే చెప్పాను. ఆయన పశువుల ఆస్పత్రిలో కాంపౌండరు. ప్రతి శుక్రవారం సాయంత్రం వాళ్లింట్లో ప్రార్థన కూడిక జరుగుతుంది. టీవీలో మ్యూజిక్ ట్రాకు పెట్టుకుని, దాన్ని ఆంప్లిఫయరుకి కలిపి, కూతురు జెన్నీ మైకులో పాడుతుంది. డిగ్రీ చదివే పిల్ల.

ఈ వానాకాలం ఒక శుక్రవారం పదకొండింటికి ఆ పిల్ల ఫోను చేసింది.

"అంకుల్, మైకు పెదవికి తగిల్తే సిమసిమలాడతందండి."

"ఎన్నాళ్ల నుంచమ్మా?"

"వారం నుంచండి. నిన్న ప్రాక్టీసులో అయితే గట్టిగానే కొట్టింది."

"సెప్పులేసుకుని పాడమ్మా, ఏటీ అవదు."

జెన్నీ నవ్వింది. "ప్రార్థనలో సెప్పులేటండీ? మా నాన్నగారు ముందు మైకుని, తర్వాత నన్ను ఇసిరేత్తారు."

"అయితే కింద గోనెపట్టా ఏసుకో."

"సరేనండి" అని పెట్టేసింది.

కౌంటరులో కూర్చున్న మా ఆవిడ లోవలక్ష్మి తలెత్తింది. "ఏటంట?"

"మైకు కొంచెం షాక్ కొడతందట."

"మీకేటిలెండి, మీరు పాడరు కదా."

నాలుగవుతుండగా కేబుల్ బుల్లిబాబు వచ్చాడు. రిమోటుకి సెల్లులు కావాలన్నాడు. నేను అలవాటు కొద్దీ కేబుల్ పిన్నుల డబ్బా కూడా ముందుకి జరిపాను.

"ఇయ్యింకా ఎవలికండీ బాబూ? అంతా ఫైబరే. నాతవరం లైను పోయినవారమే మార్చీసేం. రాగి ముక్క లేదు, ఒట్టి గాజు పోగు."

"ఊరంతానా?"

"ఊరంతానండి. యలమంచిలి పక్కన కూడా అయిపోతంది."

సెల్లులు ఇస్తూ చెయ్యి ఆగిపోయింది. జెన్నీ కూడా వారం నుంచే అంది.

లెక్క వేసుకుంటే ఇలా తేలింది. ఆ ఆంప్లిఫయరుకు రెండు ఎర్తులుండేవి. గోడలోది నేను కత్తిరించమన్నాను. మిగిలింది టీవీ వెనక కేబుల్లోది. రెండేళ్లూ ఆ ఇంటిని కాపాడింది ఆ వీధి వైరే, అది నాకు గుర్తు కూడా లేదు. ఇప్పుడు దాని చోట కరెంటు పారని గాజు పోగు వచ్చింది. అంటే పెట్టెలోకి కరెంటు కారితే పోవడానికి దారి లేదు, మైకు పట్టుకున్న మనిషి తప్ప. ఆ మనిషి ఉత్త కాళ్లతో నిలబడుతుంది. కూడికకి ముందు ఆ ఇంట్లో నేల కడుగుతారు. కూడిక ఆరింటికి.

జెన్నీకి ఫోను చేశాను, ఎత్తలేదు. నతానియేల్ గారిది స్విచాఫ్. బండి తాళం, పనిముట్ల సంచి తీసుకున్నాను.

"శుక్రవారం సాయంత్రం కొట్టు ఒగ్గీసి ఎక్కడికండీ?" అంది లోవలక్ష్మి.

"నాతవరం."

"ఫోనులో సెప్పలేరేటి?"

"ఫోనులో సెప్పబట్టే వెళ్తన్నాను."

దారంతా వాన. షేర్ ఆటోలు బురద చిమ్ముతూ దాటిపోతున్నాయి. నా మనసు నన్ను వెనకేసుకొస్తూనే ఉంది. పద్దెనిమిదేళ్లలో ఎవరికీ ఏమీ కాలేదు కదా అంది. ఏమీ కాలేదా, లేక అయినవి నా దాకా రాలేదా అని నన్ను నేనే అడుగుతూ బండి వేగం పెంచాను.

నేను వెళ్లేసరికి నతానియేల్ గారి భార్య సువర్ణమ్మ గారు ముందుగదిలో తడిగుడ్డ పెడుతున్నారు. ఆంప్లిఫయరు మీద ఎర్రలైటు వెలుగుతోంది. జెన్నీ స్టాండు ఎత్తు సరిచేస్తూ మైకు మీదికి చెయ్యి చాపింది.

"ముట్టుకోకు!" అని గుమ్మంలోంచే అరిచాను.

పిల్ల బెదిరిపోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. "మీరు సెప్పినట్టే పట్టా ఏసేనండి అంకుల్" అంది.

స్టాండు కింద గోనెపట్టా ఉంది. కడిగిన నీళ్లన్నీ పీల్చి నల్లగా నానిపోయి ఉంది. దాని మీద జెన్నీ పాదాలు.

పిల్లని పక్కకి రమ్మని, సంచిలోంచి రెండు వైర్లు వేలాడే హోల్డరు బల్బు తీశాను. ఒక వైరు ఆంప్లిఫయరు ఇనుప డొక్కుకి, రెండోది బోర్డు మీది ఎర్తు కన్నానికి పెట్టాను. బల్బు భగ్గున వెలిగింది.

లోపల్నుంచి బైబిలు పట్టుకుని వచ్చిన నతానియేల్ గారు ఆ వెలుగు చూసి ఆగారు. "వందనాలండి ప్రకాష్ గారూ. ఏటండది?"

"కరెంటండి. లోపల ట్రాన్స్‌ఫార్మరు చెమ్మకి దెబ్బతింది. కరెంటు డొక్కులోకొచ్చీసింది, మైకులోకి కూడా."

"మరి ఫ్యూజు ఎగిరిపోవాలి కదండీ?"

నా దగ్గర రెండు అబద్ధాలు సిద్ధంగా ఉన్నాయి. కంపెనీ సరుకు మంచిది కాదనొచ్చు. కేబులోళ్లు వైరు మార్చడం వల్లనొచ్చు. రెండూ అమ్ముడుపోతాయి, రెండో దాంట్లో సగం నిజం కూడా ఉంది. సువర్ణమ్మ గారు తడిగుడ్డ చేతిలోనే ఉంచుకుని కూతురి అరచేయి తిప్పి తిప్పి చూస్తున్నారు. ఆవిడ ముందు బేరం సాగలేదు.

"ఆకుపచ్చ వైరుంటే ఎగిరేదండి. దాన్ని కొయ్యమన్నాను కదా, నేనే" అన్నాను. "హమ్ పోవడానికి అదొక్కటే దారి కాదు. ఇంకోటుంది. దానికి నేనిక్కడిదాకా రావాలని సెప్పలేదు. పొద్దున్న పట్టా మాట కూడా నాదే."

ఆయన బైబిలు టీవీ బల్ల మీద పెట్టారు. తిడితే బాగుండుననిపించింది. తిడితే ఎంతోకొంత తీరిపోయినట్టుండేది.

"గేదెకి తప్పు ఇంజక్షను పడితే నేను రైతుకి సెప్పీవోడినేనా అని ఆలోసిస్తన్నానండి" అన్నారు చివరికి. "ఈ వైరు మాట ఎంతమందికి సెప్పేరు?"

"లెక్క లేదండి."

"మీకా? లెక్క లేదా?"

ప్లగ్గు పీకి, ఆంప్లిఫయరు గోనెసంచిలో కట్టుకున్నాను. కొత్త పెట్టె తెచ్చి అన్నీ ఒకే బోర్డు మీదికి నా చేత్తో మారుస్తానన్నాను. కూడిక జనం గొడుగులు ముడుస్తూ వస్తున్నారు. మైకు లేకుండానే జెన్నీ పాట మొదలెట్టింది.

అరుగు చివర నిలబడి ఫోను తీశాను. ఎవరెవరికి చెప్పానో వెతికితే మొదట గుర్తొచ్చింది, బుల్లిబాబు ఫైబరు అయిపోతోందన్న యలమంచిలిలోని నా పాత ఖాతాదారు ఈశ్వరరావు గారు.

"ఈశ్వరరావు గారూ, మీ సెట్టు ప్లగ్గు బేగి పీకెయ్యండి. నేనొచ్చి వైరు మళ్లీ కలుపుతాను."

"కలిపితే మళ్లీ ఆ మూలుగొస్తది కదయ్యా. మూడేళ్ల నుంచి హాయిగా ఉంది, ఒగ్గీ."

"మీ ఇంటికి కేబుల్ మార్చేరా?"

"నిన్ననే ఫైబరేసేరు. బొమ్మ అద్దంలా ఉందనుకో."

"ముందు ప్లగ్గు పీకండి, తర్వాత మాటాడదాం."

"ఇప్పుడా? మా లావణ్య పాడతంది, మనవరాలు. ఉండు, నువ్వూ విను."

ఫోను స్పీకరు వైపు పెట్టారు. చిన్నపిల్ల గొంతు. వెనక మూలుగు లేదు, గరగర లేదు, నేను చేసిపెట్టినంత శుభ్రంగా ఉంది.

"పీకండి బాబూ! మైకు ఒగ్గీమనండి!" అని అరిచాను. పాట హోరులో నా గొంతు ఆయనకి చేరలేదు. లైను తెగిపోయింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు. మూడోసారి చేస్తూనే, వానలో బండి స్టార్టు చేశాను.