భవాని బండి

షోరూమ్ మేనేజరు తాళంచెవిని ఎర్ర వెల్వెట్ పెట్టెలో పెట్టి దినేశ్ చేతికిచ్చాడు. ఫొటో తీసే అతను కూడా కెమెరాను దినేశ్ వైపే తిప్పాడు.

“బండి మా అక్కది సార్,” అన్నాడు దినేశ్ నవ్వుతూ.

“ఓ, మేడమ్‌దా! సారీ మేడమ్,” అని మేనేజరు కూడా నవ్వాడు. తాళంచెవి మాత్రం దినేశ్ చేతిలోనే ఉండిపోయింది. ఫొటోలో భవాని ఓ పక్కగా నిలబడి ఉంది, ఎవరి పెళ్లికో వచ్చిన చుట్టంలా.

భవానికి ముప్పై దాటాయి. మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ పని చేస్తుంది. వాళ్లది కొండాపూర్ పాత ఊరు. చుట్టూ అద్దాల మేడలు లేచినా, ఆ సన్న గల్లీలోని పాత ఇంట్లోనే ఉన్నారు. తండ్రి బాలనర్సయ్య జీడిమెట్లలో మందుల ఫ్యాక్టరీలో పని చేసి రిటైరయ్యాడు. పనికి రోజూ మోటార్‌సైకిల్ మీదే వెళ్లి వచ్చేవాడు. భవాని స్కూల్లో చదివేటప్పుడు సెలవు రోజుల్లో ఖాళీ మైదానానికి తీసుకెళ్లి, కాళ్లు నేలకు అందీ అందకుండానే ఆ బండి నడపడం నేర్పించాడు. తమ్ముడు దినేశ్ అప్పట్లో బండి ఎక్కమంటే చాలు, ఏడుపు లంకించుకునేవాడు. “నా బిడ్డ నాకంటే మంచిగ నడుపుతది,” అని బాలనర్సయ్య గల్లీలో కనబడ్డ వాళ్లందరికీ చెప్పుకునేవాడు.

భవాని పెద్దమనిషి అయ్యాక ఆ మాటలు ఆగిపోయాయి. బండి ఎక్కొద్దన్నారు. కాలేజీకి సిటీ బస్సు, ఉద్యోగానికి స్కూటీ. ఏళ్ల తరబడి ఆమె ఇంకేమీ అడగలేదు. ఇప్పుడు సొంతంగా మోటార్‌సైకిల్ కొనుక్కుంది, నల్ల రంగుది, బరువైనది, ఫ్యాక్టరీ రోజుల్లో తండ్రి నడిపిన దానికంటే పెద్దది.

షోరూమ్ నుంచి నేరుగా ఆంజనేయస్వామి గుడికి వెళ్లారు. పూజారి హ్యాండిల్‌కు బంతిపూల దండ వేసి, ముందు చక్రం కింద నిమ్మకాయ పెట్టాడు. భవాని బండి మీదికి కాలెత్తబోయింది.

“జర ఆగు బిడ్డా,” అన్నాడు బాలనర్సయ్య. “మొదలు తమ్ముణ్ణి నడుపనియ్యి. మగపిల్లగాడు తీస్తే మంచిగుంటది.”

“నడుపుడు నేర్పింది నువ్వే కద నాయినా!”

“గప్పుడు నువ్వు చిన్నపిల్లవి.”

నిమ్మకాయ చిట్లింది. దినేశ్ బండిని గుడి చుట్టూ ఒక రౌండు తిప్పుకొచ్చాడు. తల్లి భాగ్యమ్మ కొడుక్కి, బండికి కలిపి దిష్టి తీసింది. ఇంటికి వచ్చేదాకా భవాని ఆటోలోనే కూర్చుంది.

బండి నిజంగా ఆమె చేతికొచ్చింది మర్నాడు పొద్దున. సీటు మీద ప్లాస్టిక్ కవరు ఇంకా అలాగే ఉంది. చింపేసింది. కొత్త రబ్బరు వాసన, వేడెక్కుతున్న ఇంజిను మీద నూనె వాసన కలిసి గల్లీ అంతా కమ్ముకున్నాయి. రెండు పాదాలూ పూర్తిగా నేల మీద ఆనలేదు, మునివేళ్లు ఆనాయి. గల్లీ మలుపులో బండి ఒక పక్కకు ఒరిగితే దాన్ని తిరిగి నిలబెట్టేసరికి తొడలు వణికాయి. అయినా, పెద్ద రోడ్డెక్కి మూడో గేరులోకి వచ్చేసరికి ఆ బరువంతా ఎటు పోయిందో తెలియలేదు. స్కూటీ గతుకు గతుకుకీ ఎగిరిపడేది. ఇది గతుకుల్ని తొక్కుకుంటూ పోయింది. భవాని హెల్మెట్ లోపల తనకు తెలియకుండానే నవ్వుకుంది.

ఆ మొదటి వారంలోనే దాని లోపాలూ తెలిసొచ్చాయి. క్లచ్ గట్టిగా ఉంది. బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో పడితే ఎడమ మణికట్టు పీకేది. సిగ్నల్ దగ్గర న్యూట్రల్ ఒక పట్టాన పడేది కాదు. ఇంజిను సెగ కుడి పిక్కకు జీన్స్ లోంచి తగిలేది. అంత పెద్ద బండికి హారన్ మాత్రం పిల్లి కూతలా ఉండేది. ఇవన్నీ ఆఫీసులో రసజ్ఞకు ఫిర్యాదులా చెబుతూనే మురిసిపోయేది. రసజ్ఞది కూకట్‌పల్లి, గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. ఒక సాయంత్రం వెనక కూర్చుని మెట్రో స్టేషన్ దాకా వచ్చింది. దిగాక, “భలే తోలుతున్నారండి మీరు. నాకు భయమే వేయలేదు,” అంది. తండ్రి నోట పోయిన మాట పరాయి మనిషి నోట వినబడ్డట్టయింది భవానికి.

మిగతావాళ్లు అలా అనుకోలేదు. ఆఫీసు సెల్లార్‌లో సెక్యూరిటీ అతను, “మేడమ్, మీ సార్ బండి తెచ్చిన్రా?” అని అడిగాడు. ఒక రోజు ర్యాంపు మీద ముందున్న కారు ఉన్నట్టుండి ఆగితే భవాని బ్రేకు వేసింది. నేల అందక కాలు తడబడేసరికి బండి మెల్లగా పక్కకు పడిపోయింది. దెబ్బ తగల్లేదు. కానీ చుట్టూ జనం మూగారు. ఆమె టీములోనే పని చేసే మధుకర్, అడగకుండానే బండిని లేపి, ఎక్కి, పైదాకా నడిపించి పెట్టాడు. “ఇంత హెవీ బండి నీకెందుకు భవానీ?” అన్నాడు దయగా. మధ్యాహ్నానికి ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఆమె బండి పడిపోయిన వీడియో తిరిగింది. అందరూ నవ్వుతున్న బొమ్మలు పెట్టారు. భవాని కూడా ఒకటి పెట్టింది, పెట్టకపోతే బాగుండదని.

ఇంట్లో తాళంచెవి గోడ మేకుకు వేలాడేది. దినేశ్‌కు ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకెళ్లేవాడు. అతను కానిస్టేబుల్ ఉద్యోగానికి సెలెక్ట్ అయ్యాడు. వెరిఫికేషన్ పూర్తయితే ట్రైనింగ్‌కు పిలుపొస్తుంది. ఆ కబురు వచ్చినప్పటి నుంచి ఇంట్లో అతని మాటకు ఎదురు లేదు.

“అడిగి తీస్కపోవచ్చు కద,” అంది భవాని ఒకసారి.

“తమ్ముడే కద తీస్కపోయేది, బయటోడా?” అంది భాగ్యమ్మ.

ఒక ఆదివారం పొద్దున భవాని లేచేసరికి బండి వాకిట్లో లేదు. దినేశ్ తిరిగి వచ్చి బండిని గోడకు ఆనించి, ఎవరితోనూ మాట్లాడకుండా లోపలికి వెళ్లి పడుకున్నాడు. భవాని బయటికి వచ్చి చూసింది. హెడ్‌లైటు అద్దం పగిలింది. హ్యాండిల్ ఒక వైపు వంగింది. ముందు మడ్‌గార్డుకు ఒక చీర పీలిక చిక్కుకుని ఉంది, నారింజ రంగుది.

ఆమె దినేశ్‌ను లేపి అడిగింది. అతను గోడ వైపు తిరిగి పడుకునే చెప్పాడు. తెల్లాపూర్ వైపు రోడ్డు ఖాళీగా ఉంటుందని దోస్తులతో వెళ్లాడు. స్పీడు చూద్దామనుకున్నాడు. రోడ్డు ఊడ్చే ఆమె ఒకతి పక్కన వంగి ఉంది. తగిలింది. భయమేసి ఆపలేదు.

“సచ్చిపోయిందా?” అంది భవాని.

“తెల్వదక్కా.”

మధ్యాహ్నం లోపే పోలీసుల నుంచి భవానికి ఫోను వచ్చింది. ఎవరో నంబరు చూశారు. బండి ఆమె పేరు మీద ఉంది. రోడ్డు ఊడ్చే పార్వతమ్మకు కాలు విరిగింది, సర్కారు దవాఖానలో ఉంది. మర్నాడు పొద్దున స్టేషన్‌కు రమ్మన్నారు.

ఆ మధ్యాహ్నం బాలనర్సయ్య కూతుర్ని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. చాలా ఏళ్ల తర్వాత ఆమెతో అంత మెత్తగా మాట్లాడాడు.

“బిడ్డా, కేసు పడితే వానికి నౌకరి రాదు. నీకేమైతది? నీది ప్రైవేటు కంపెనీ. ఆడపిల్లవని పోలీసోళ్లు కూడ జర సూసీ సూడనట్టు ఇడిసిపెడ్తరు. నేనే నడిపిన, కంట్రోల్ గాలేదు అని చెప్పు.”

“అందరు నమ్ముతరా నాయినా?”

“ఎందుకు నమ్మరు? గంత పెద్ద బండి ఆడపిల్లకు కంట్రోల్ గాలేదంటే ఎవలైన నమ్ముతరు.”

భవాని ఆయన ముఖంలోకి చూసింది. ఆ మాట ఆమెకు ఎంత లోతుగా దిగిందో ఆయనకు తెలిసినట్టు లేదు. భాగ్యమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. తలుపు వెనక దినేశ్ ఊపిరి వినబడుతోంది. చివరికి భవాని, “సరే,” అంది.

మర్నాడు తండ్రితో కలిసి స్టేషన్‌కు వెళ్లింది. ఎస్సై పెద్దవాడు, విసుగు ముఖం, కానీ కఠినంగా ఏమీ లేడు. కుర్చీ చూపించాడు. ఆమె నోరు తెరవకముందే, “నడపరాని బండి ఎందుకు కొన్నవమ్మా?” అన్నాడు. “పాపం, ఆ ముసలామె కాలు ఇరగ్గొట్టినవ్.”

బాలనర్సయ్య చేతులు కట్టుకుని, “తప్పయింది సార్. నేను ముందే వద్దన్న. ఇనలే,” అన్నాడు.

షోరూమ్‌లో ఊరుకుంది. గుడిలో ఊరుకుంది. సెల్లార్‌లోనూ ఊరుకుంది. వాట్సాప్‌లో నవ్వింది. ఇక్కడ మాత్రం కుర్చీలోంచి లేచింది.

“నేను నడపలే సార్,” అంది. “నాకు నడపొస్తది. మా తమ్ముడు నడిపిండు. పేరు దినేశ్.”

బాలనర్సయ్య ఆమె భుజం పట్టుకున్నాడు. ఎస్సై ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. “ఏందమ్మా, నిన్న ఫోన్ చేసినప్పుడు ఈ ముచ్చట చెప్పలే?”

“నిన్న ధైర్యం రాలే సార్.”

జంక్షన్ కెమెరాలు చూశారు. అంతా తేలిపోయింది. హెల్మెట్ కూడా లేకుండా దినేశ్ ముఖం స్పష్టంగా ఉంది. కేసు అతని మీద రాశారు. బండిని స్టేషన్‌లో పెట్టుకున్నారు. ట్రైనింగ్‌కు పిలుపు రాలేదు.

స్టేషన్ నుంచి ఇంటికి వచ్చే దారిలో బాలనర్సయ్య ఒక్కసారే మాట్లాడాడు. “బండి కోసం తమ్ముని కడుపు కొట్టినవ్,” అన్నాడు. “బండి కోసం గాదు, ఆ పార్వతమ్మ కోసం,” అని భవాని జవాబు చెప్పబోయింది. నోటిదాకా వచ్చిన మాట ఆగిపోయింది. స్టేషన్‌లో ఆ క్షణాన పార్వతమ్మ తన మనసులో లేదని ఆమెకు తెలుసు. దినేశ్ కోసం చెప్పే అబద్ధాన్ని ఆమె మోయగలిగేదేమో. నడపడం రాదన్న మాటను మోయలేకపోయింది.

ఆ రోజు నుంచి ఆమె గదిలోకి వస్తే తండ్రి లేచి బయటికి వెళ్లేవాడు. భాగ్యమ్మ అన్నం పెట్టేది, మాట్లాడేది కాదు. దినేశ్ మాత్రం ఒకసారి, “నువ్వు గాకుంటే కెమెరా చెప్పేటిదే అక్కా,” అన్నాడు. అది క్షమాపణో, నిందో ఆమెకు అర్థం కాలేదు.

కోర్టు కాగితం వచ్చాక బండిని స్టేషన్ నుంచి విడిపించుకుంది. ఎండకీ వానకీ ఆరుబయట నిలబడి సీటు పాలిపోయింది. మెకానిక్ హ్యాండిల్ సరిచేశాడు కానీ, బండి ఇంకా కొంచెం ఎడమకు లాగుతూనే ఉంది. దాన్నే నడుపుకుంటూ గోపన్‌పల్లిలో పార్వతమ్మ ఉండే చోటికి వెళ్లింది.

రేకుల గదుల వరుస అది. పార్వతమ్మ గుమ్మంలో నవారు మంచం మీద కూర్చుని ఉంది. కాలికి కట్టు ఇంకా విప్పలేదు. భవాని తానెవరో చెప్పింది. నడిపింది తన తమ్ముడని, తాను కాదని చెప్పింది. ఈ మాట చెబితే గుండె తేలికవుతుందని దారి పొడుగునా అనుకుంటూ వచ్చింది.

పార్వతమ్మ విని తలూపింది. “ఎవలు గుద్దితే ఏంది బిడ్డా, ఇరిగిన కాలు నాదే కద,” అంది. కోపంగా అనలేదు.

భవాని తెచ్చిన పండ్లు మంచం పక్కన పెట్టింది. కట్టు విప్పే రోజు దవాఖానకు తానే ఆటోలో తీసుకెళ్తానంది. పార్వతమ్మ, “నా కోడలు తోల్కపోతది,” అంది. భవాని లేచింది.

“బిడ్డా,” అని పిలిచింది పార్వతమ్మ వెనక నుంచి. “నువ్వు అచ్చేటప్పుడు బండి సప్పుడు ఇన్న. గుండె జల్లుమన్నది. జర ఈడ బండి చాలూ చెయ్యకు. రోడ్డు దాక తోస్కపో.”

భవాని తాళంచెవిని జేబులో వేసుకుంది. స్టాండు తీసి హ్యాండిల్ పట్టుకుంది. గల్లీ మట్టిది, వానకు మెత్తబడి ఉంది. చక్రాలు దిగబడుతున్నాయి. బండి ఎడమకు లాగుతోంది. ఆమె మొత్తం ఒంటి బలం పెట్టి తోసింది. గుమ్మాల్లో ఆడవాళ్లు పని ఆపి చూస్తున్నారు. ఎవరో ఒకతను అరుగు దిగి వచ్చి, “నేను తోస్త తియ్యమ్మా, నీతోని కాదు,” అన్నాడు.

“అయితది,” అంది భవాని తలెత్తకుండా, ఇంకో అడుగు ముందుకు తోస్తూ.