తప్పు నాదేనన్న నాన్న

మా నాన్న బాలశౌరి జంషెడ్‌పూర్‌లో ఇనుము పోతపోసే ఒక ఫ్యాక్టరీకి ప్రొడక్షన్ మేనేజరు. 1962లో ఆయన్ని జనరల్ మేనేజరును చేస్తారని మేముండే కద్మా కాలనీలో మా వీధంతా చెప్పుకునేది. అమ్మయితే కొత్త బంగళాకు కర్టెన్లు కుట్టడం కూడా మొదలుపెట్టింది.

ఆ రోజుల్లోనే ఫ్యాక్టరీలో క్రేను తాడు తెగి, అప్పుడే పోతపోసిన పెద్ద చక్రం కిందపడి పగిలిపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. క్రేను నడిపిన తవిటయ్యను పనిలోంచి తీసేద్దామన్నారు మీటింగులో యజమానులు. నాన్న లేచి, "తాడు మార్చాలని నాకు తెలుసు. తొందరపడి ఎత్తమన్నది నేను. తప్పు నాదే," అన్నారట.

తవిటయ్య ఉద్యోగం నిలిచింది. నాన్నకు రావలసిన పదవిలోకి కలకత్తా నుంచి వేరే ఆయన వచ్చాడు.

ఆ ఆదివారం తవిటయ్య మా వరండాలో నిలబడి ఏడ్చేశాడు. "ఏటి బాబూ, ఇలగ సేసేసినారు? నా గురించి అంత పెద్ద నౌకరీ వదిలేసుకున్నారు!"

"నీ గురించి కాదు తవిటయ్యా. రేపు ఫ్యాక్టరీలో మీ అందరి మొహాలూ చూడాలి కదా నేను," అన్నారు నాన్న. అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని, అమ్మను టీ పెట్టమన్నారు.

ఆ తర్వాత ఆ ఫ్యాక్టరీలో ఎవరూ తప్పు దాచలేదు. ఏది పాడైనా ముందు ఆయనకే వచ్చి చెప్పేవారు. మిగతా ఆఫీసర్లు కార్లలో వెళ్లిపోతుంటే, నాన్న సైకిలు నడిపించుకుంటూ, కబుర్లు చెప్పే నలుగురు కార్మికులతో కలిసి ఇంటికొచ్చేవారు. ఆ నవ్వులు వీధి మలుపులోనే మాకు వినిపించేవి.