గొంగడి కింద నీలిమెరుపు

దగ్గరికి జరుగు బిడ్డా, ఇంకొంచెం. కట్టంగూరు గుర్వయ్య సంగతి గొంతెత్తి చెప్పేది కాదు. ఆ మనిషే ఎన్నడూ గొంతెత్తి మాట్లాడలేదు.

ఆ ఆదివారం పొద్దున కూడా గుర్వయ్య తన మెకానిక్ షెడ్డులో కిరసనాయిలు గిన్నెలో పానాలు కడుగుతూనే ఉన్నాడు. నిన్న కడిగినవే. మధ్యలో ఒక్క బండీ రాలేదు కనుక వాటికి మరకే లేదు. అయినా కడిగి, తుడిచి, చిన్నదాని నుంచి పెద్దదాని దాకా రేకు మీద వరసగా పేర్చాడు. అరవై ఎనిమిదేళ్ల మనిషి. బక్కపలచటి ఒళ్లు, గోళ్ల సందుల్లో ఏ సబ్బుకూ వదలని నలుపు, కుడిచెవి మీద ఎప్పుడూ ఒక చిన్న స్క్రూడ్రైవర్. లేచినప్పటి నుంచి ఎడమ చెయ్యి బరువుగా ఉంది. రాత్రంతా ఆ పక్కకే పడుకున్నాను కదా అని సరిపెట్టుకున్నాడు.

ఊరి దగ్గర పెద్దరోడ్డు మీద వంతెన లేచినప్పటి నుంచి బండ్లన్నీ గుర్వయ్య షెడ్డును కింద వదిలేసి పైనుంచే పోతున్నాయి. దిగివచ్చే ఒకటీ అరా కొత్త కార్లకు కంప్యూటర్ పెట్టి చూడాలి. గుర్వయ్య దగ్గర ఉన్నది ఇంజన్ చప్పుడు పట్టే చెవి ఒక్కటే. ఆ చెవి కూడా మందగించిందని ఊళ్లో మాట. పోయిన నెల ఒక ట్రాలీ ఇంజన్ చప్పుడును తప్పుగా పట్టాడు. బండి ఆయన తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు, నవ్వాడు. ఆ నవ్వు గుర్వయ్యకు ఇంకా అన్నం సయించనివ్వడం లేదు.

ఇంట్లో చెప్పుకుందామంటే భార్య గుర్వమ్మ పోయి ఆరేళ్లు. పిల్లలు లేరు. ఆమె వడికిన ఉన్నితో నేయించిన నల్ల గొంగడి షెడ్డులో మేకుకు వేలాడుతుంటుంది. అదే తోడు.

ఎండ ఎక్కుతుండగా ఒక ఎర్రకారు దగ్గుకుంటూ వచ్చి ముందర ఆగింది. రెండే తలుపులు. కుక్కపిల్ల పడుకున్నట్టు నేలకు ఆనుకుని ఉంది. పాతకాలపు స్పోర్ట్స్ కారు. అందులోంచి నలభై దాటిన ఆడమనిషి దిగింది. పేరు శ్రీదేవి, నల్లగొండలో దవాఖాన నర్సు.

"పెద్దయ్యా, వంతెన ఎక్కేకాడ ఒకటే దగ్గుతాంది. నెల కిందట్నే ప్లగ్గులు, వైర్లు అన్ని కొత్తయి ఏయించిన. స్పోర్ట్స్ కారని ఏరి ఏరి మంచియే ఇచ్చిండు దుకాణమాయన."

"బండి నీదేనా బిడ్డా?"

"మా ఆయనది. ప్రేమ్‌సాగర్. తుక్కుల కొని తనే నిలబెట్టుకున్నడు. పోయి రెండేండ్లాయె. ఆదివారం ఆదివారం కేతేపల్లిల ఆయన సమాధి కాడికి దీంట్లనే పోత." ఆమె కారు మీద చెయ్యి వేసింది, తీసింది. "ఇయ్యాల మల్ల ఆగితే రేపు పాత ఇనుపోళ్లకే ఇచ్చేస్త. రమ్మని చెప్పిన కూడ."

గుర్వయ్య లేచాడు. ఎన్నాళ్లకో చెవి నిక్కింది.

ఆయన తండ్రి గొర్రెల మనిషి. గొర్రె నోరు తెరిచి, పళ్లు చూసి ఈడు చెప్పేవాడు. కొడుకు ప్లగ్గు మూతి చూసి ఇంజన్ కడుపులోని సంగతి చెప్పడం నేర్చాడు. నాలుగు ప్లగ్గులూ విప్పి అరచేతిలో పెట్టుకున్నాడు. మూతి ఇటుకరంగులో ఉంటే ఇంజన్ సుఖంగా ఉన్నట్టు. ఇవి పెనం అడుగులా మసిబారి ఉన్నాయి.

"ఎంత స్పీడు పోతవు బిడ్డా?"

"నలభై. ఎక్కువంటే యాభై."

"పక్కన ఎవరు కూసుంటరు?"

దానికీ ఇంజన్‌కూ ఏం సంబంధమో ఆమెకు తెలియలేదు. "ఎవ్వరు లేరు."

"బరువు లేదు, ఉరుకుడు లేదు." గుర్వయ్య ఒక ప్లగ్గు ఎత్తి చూపాడు. "గివి పందెంల ఉరికే బండ్లకు ఏసేటియి. ఉరికి ఉరికి కాలితెనే వీటి మసి వీటికి పోతది. నీ నడకకు ఎప్పుడు సల్లగనే ఉంటయి. మసి కూసున్నకాడ నిప్పు యాడ పుడ్తది? ఆయన బండి పేరు జూసి ఇచ్చిండు, నీ నడక జూడలే."

రేకుడబ్బాలోంచి మూడు రకాలు తీశాడు. ఒకటి పాతదాని పక్కన పెడితే గోరంత పొడుగు. లోపల పిస్టన్‌కు తగులుతుంది. రెండోది మళ్లీ ఆ పందెపు జాతే. మూడోది మామూలుది, మెరుపూ గిరుపూ లేనిది. దాన్నే ఎంచుకున్నాడు. ప్లగ్గు మూతిలో నిప్పు దూకే సందును కళ్లు పట్టలేకపోతున్నాయి. రేకుముక్క దూర్చి, గోటితో తడిమి నాలుగింటినీ సరిచేశాడు.

బిగించి స్టార్ట్ చేయించాడు. కారు కాసేపు తిన్నగా పలికి, మళ్లీ ఖళ్లున దగ్గింది.

శ్రీదేవి ఫోన్ తీసి పాత ఇనుపవాళ్ల నంబరు వెతికింది. గుర్వయ్యకు అది ఆ ట్రాలీ ఆయన నవ్వు కన్నా బరువుగా తగిలింది.

గుర్వయ్య మేకు మీది గొంగడి దించాడు. ఇంజన్ తిరుగుతుండగానే వైర్ల మీద రెండు చుక్కలు నీళ్లు చిలకరించి, ఫ్యాన్‌కు దూరంగా, గొంగడి తన తల మీదుగా ఇంజన్ మీదికి కప్పుకున్నాడు. మిట్టమధ్యాహ్నం అక్కడొక చిన్న చీకటి తయారైంది.

ఎదుటి చాయ్ డబ్బా జానీ అరిచాడు. "ఏమే గుర్వన్నా, పర్దా కట్టుకోని సినిమా జూస్తున్నవా? మాకు టికెట్ లేదా?"

"ఉన్నది తీ, నీకు నేల టికెట్."

చీకట్లో నీలిమెరుపు కనిపించింది. మూడో వైరు పక్కనుంచి, చీమ నడిచినంత సన్నగా, పొగగొట్టం మీదికి దూకుతోంది. వైరు కొత్తదే. కానీ పొడుగు ఎక్కువై కాలే గొట్టం మీద వాలి, అడుగున చిట్లింది. వెలుతురులో ఎవరికీ కనపడదు.

గుర్వయ్య రాగితీగ వైరు చుట్ట దించి, ఏ ప్లగ్గుకు ఎంత కావాలో జానతో కొలిచి కోశాడు.

"రేడియోల జర గరగర వస్తది బిడ్డా, రాగి కదా."

"రానియ్యి. పాటలు పెట్టేది ఆయనే. నేను పెట్ట."

వైర్లు తారుమారు కాకుండా గొంగడి అంచు నుంచి నాలుగు ఉన్నిపోగులు లాగి గుర్తులు కట్టాడు. ఒకదానికి ఒక ముడి, ఒకదానికి మూడు, ఒకదానికి నాలుగు, ఒకదానికి రెండు. ఇంజన్‌లో ప్లగ్గులకు నిప్పు అందే వరస అదే. తండ్రి గొర్రెలకు ఉన్ని కట్టి గుర్తు పెట్టినట్టే పెట్టాడు. నాలుగు ముడుల పోగు దగ్గర ఎడమ చెయ్యి పట్టు ఇవ్వలేదు. పంటితో బిగించాడు.

"ఇగ పో. వంతెన ఎక్కు. దగ్గకుంటె ఆగకు, సక్కగ కేతేపల్లి పో. నీ బండి సప్పుడు నేనీడికెల్లే ఇంట."

"వాపసొచ్చేటప్పుడు ఆగుత పెద్దయ్యా."

"ఆగు. చాయ్ తాగుదం." ఆ మాట అని గుర్వయ్యే ఆశ్చర్యపోయాడు. షెడ్డుకు మళ్లీ రమ్మని ఒకరిని పిలిచి ఎన్నేళ్లయిందో.

కారు కదిలింది. గుర్వయ్య గొంగడి భుజాన వేసుకుని బల్ల మీద, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "జానీ, జర స్టవ్ బందు పెట్టు."

జానీ ఆపాడు. లారీల హోరులో ఆ ఒక్క చప్పుడునూ ఏరుకున్నాడు గుర్వయ్య. ఎత్తు మొదలైంది. కారు గొంతు కొంచెం బరువెక్కింది. దగ్గు వచ్చే చోటు వచ్చింది, పోయింది. పైన ఒక్క క్షణం తేలికై, అవతలికి దిగుతూ నూలుపోగులా సన్నబడింది.

"దగ్గలే," అన్నాడు.

శ్రీదేవి పొద్దు వాలేటప్పుడు తిరిగివచ్చి రెండు చాయ్‌లు చెప్పింది. జానీ స్టవ్ ముట్టించలేదు. షెడ్డు వైపు చూపించాడు. మంచం మీద నిలువునా గొంగడి కప్పి ఉంది. నర్సు కదా, చెయ్యి పట్టి చూసింది. చూడాల్సిందేమీ లేదు.

"నీ బండి అవతలికి దిగేదాంక ఇన్నడమ్మా," అన్నాడు జానీ. "దగ్గలే అన్నడు. గంతే."

మర్నాడు ఇనుపవాళ్లు వస్తే ఆమె తలుపు దగ్గరే వద్దని పంపేసింది. గొంగడి గుర్వయ్యతోనే మట్టిలోకి పోయింది.

మరచిపోకు బిడ్డా. గుర్వయ్య చెవి పోయిందని ఎవరన్నా అంటే, నువ్వు ఇదంతా చెప్పు. ఆ ఎర్రకారు కనపడితే ఒకసారి బానెట్ ఎత్తి చూపించు. నాలుగు నల్లటి వైర్ల మీద నాలుగు ఉన్నిపోగులుంటాయి: ఒక ముడి, మూడు, నాలుగు, రెండు. నాలుగు ముడులున్నదాని చివర పంటిగాటు ఇంకా ఉంది.